కుంచె నుంచి ఆవానికి: తొమిమొతొ కెంకిచి

1886లో జపాన్‌లోని నారా ప్రాంతంలో, ఆందో అనే గ్రామంలో పుట్టిన పింగాణీ కళాకారుడు తొమిమొతొ కెంకిచి కుమ్మరి ఇంటివాడు కాదు. టోక్యో లలితకళల పాఠశాలలో డిజైను చదివి, 1908లో లండన్ వెళ్ళి, ఒక వాస్తుశిల్పికి సహాయకుడిగా మన దేశంలోని ఇస్లామిక్ కట్టడాలను కూడా పరిశీలించి 1910లో స్వదేశం చేరిన ఆయనకు అప్పటికి తెలిసినవి గీత, రంగు మాత్రమే. ఇంగ్లీషు చిత్రకారుడు బెర్నార్డ్ లీచ్ కుండల పని నేర్చుకుంటుంటే, గురువు మాటలు వివరించేందుకు దుబాసీగా వెళ్ళిన తొమిమొతొ తానే ఆ పనిలో దిగిపోయాడు. (దొరల బేరాలకు మాటసాయం వెళ్ళి తామే వర్తకులైన దుబాసీలు మన చెన్నపట్నంలోనూ ఉన్నారు.) 1915లో సొంత ఊళ్ళోనే ఆవం, అంటే కుండలు కాల్చే బట్టీ, కట్టుకున్నాడు.

ఒక నమూనాను చూసి మరో నమూనా తయారుచేయరాదన్నది ఆయన నియమం. పాత పాత్రల మీది అలంకారాలను తిరగగీయకుండా, ఊరి దారులను, మొక్కలను ముందు కాగితం మీద గీసుకొని, ఆ గీతలనే పాత్ర ఒంపుకు తగినట్లు కుదించుకునేవాడు. విజయవాడలో చిత్రకళ నేర్చుకునే పిల్లలు, కొండపల్లి పక్కనే ఉన్నా, ఫోనులో చూసి ఏనుగు అంబారీని గీస్తుంటే నాకు ఈ నియమమే గుర్తుకు వస్తుంది.

ఆయనకు పేరు తెచ్చిన నాలుగు రేకుల పువ్వుకు మూలం, నిజానికి ఐదు రేకులున్న ఒక తెల్లపూల తీగ. రేకులు నాలుగైతేనే పువ్వు పక్కన పువ్వు నలుదిక్కులా సందు లేకుండా అల్లుకుపోతుంది. సత్యనారాయణపురం వీధుల్లో ధనుర్మాసపు ముగ్గులు వేసే ఇల్లాళ్ళకు ఈ లెక్క కొత్త కాదు. వాళ్ళ పువ్వుకు ఎన్ని రేకులుండాలో చుక్కలే నిర్ణయిస్తాయి. అయితే తొమిమొతొ ఆ ఐదో రేకును చూసి, గీసి, ఆ తరువాతే వదులుకున్నాడు. ఆయనను అనుకరించేవారు నేరుగా నాలుగుతో మొదలుపెడతారు, అందుకే వారి పువ్వులో జీవం కనిపించదు.

పింగాణీపై రంగుల చిత్రణకు 1955లో జపాన్ ప్రభుత్వం ఆయనను సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. నల్లబడే గుణమున్న వెండిలో ప్లాటినం కలిపి, బంగారంతో పాటు ఒకే మంటలో నిలిపిన ఆయన ఫెర్న్ ఆకుల అల్లికను అందరూ మెచ్చుకుంటారు. ఆ నేర్పుకు నమస్కరిస్తాను గాని, నా కంటికి ఆ మెరుపు కొంచెం ఎక్కువే. హసామి వంటి కుమ్మరి ఊళ్ళకు వెళ్ళి, సామాన్యుల ఇళ్ళలో అన్నం తినే సాదా పళ్ళేల మీద ఆయన చకచకా వేసిన నీలి గీతలే నాకు ఎక్కువ ఇష్టం.