వీపు మీద జీను

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, అలవాటుగా చేపల తొట్టి దగ్గరికి వెళ్లాను. తొమ్మిది గప్పీల్లో ఒకటి ఫిల్టరు పక్కన పైకి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. వీపు మీద బూడిద కలిసిన తెల్లటి మచ్చ, గుర్రానికి జీను వేసినట్టు రెండు పక్కలకూ దిగింది. అది చూస్తూ ఉండిపోయాను. పాలు పొంగాయి. మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను.

శుక్రవారం ఆ మచ్చ పెసరగింజంతే ఉంది. దూదిలా కనిపించేసరికి ఫంగస్ అనేసుకున్నాను. పైగా వైట్ స్పాట్ అనే చేపల జబ్బు వస్తే నీళ్లు వేడి చేయాలని ఎప్పుడో చదివింది గుర్తొచ్చి హీటరు పెంచాను. మే నెలలో, హైదరాబాదులో, హీటరు! నీళ్లు 31 డిగ్రీలకు ఎక్కాయి. ఇవాళ భూతద్దం పెట్టి చూశాను. ఫంగస్ అయితే పోగులు పొడుగ్గా నీళ్లలో ఊగుతాయి. ఇది పొట్టిగా, ఒంటికి అంటుకుపోయి, అంచుల్లో పసుపుగా ఉంది. కాలమ్నారిస్ అనే జబ్బు. ఫ్లావోబ్యాక్టీరియం అనే క్రిమి పని. దానికి వేడి నీళ్లంటే పండగ, ముప్పై దాటితే ఒకటి రెండు రోజుల్లోనే చేపను చంపేయగలదు. రెండు రోజులుగా నేను మేపింది రోగాన్ని.

చేపల షాపతనికి ఫోన్ చేస్తే, "టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ ఒకటి విప్పి కలిపేయండి సార్, మూడు రోజుల్లో సెట్" అన్నాడు. మా మందుల డబ్బాలో ఎప్పటిదో సగం షీటు ఉంది కూడా. చేతిలోకి తీసుకుని మళ్లీ లోపల పెట్టేశాను. మాది బోరు నీళ్లు, బకెట్లకు తెల్లగా గార కట్టే రకం. అందులోని కాల్షియం, మెగ్నీషియం ఆ యాంటీబయాటిక్ మందును పట్టేసుకుంటాయి, చేపకు అందేది తక్కువ. తొట్టిలో పోస్తే ఫిల్టరు స్పాంజిలో ఉండి, చేపల మురికి నుంచి వచ్చే అమ్మోనియా విషాన్ని తినే మంచి బ్యాక్టీరియాకూ దెబ్బే. సగం షీటుతో సగం కోర్సు చేస్తే, చావని క్రిములు మందుకు అలవాటు పడతాయి.

జబ్బు చేపను వలతో పట్టి పది లీటర్ల బకెట్లోకి మార్చాను. రెండు చిన్న చెంచాల కల్లుప్పు, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఒకటి. నిన్న కూరగాయలు తరుగుతూ వేలు కోసుకున్నాను కాబట్టి గ్లోవ్ వేసుకున్నా. తొట్టి నీళ్ల నుంచి మన చర్మానికి పాకే మైకోబ్యాక్టీరియం ఒకటుంది, నెలల తరబడి మానని గడ్డలు లేపుతుంది. ఈ ఒక్క విషయంలో నేను పిరికివాణ్ణే.

తొట్టిలో అమ్మోనియా 0.5 చూపించింది. అది సున్నా ఉండాలి. అడుగున మిగిలిపోయిన మేత, మురికి పైపుతో లాగేసి, నలభై లీటర్లలో పదిహేను మార్చాను. హీటరు పీకేశాను. ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన నీళ్ల సీసా తొట్టిలో తేలేలా వేశాను. చిట్టి పక్కనే నిలబడి అడిగింది:

"నాన్నా, దానికి జ్వరమా?"

"చేపల ఒంటికి వేరే వేడి ఉండదమ్మా. నీళ్లు ఎంత వేడిగా ఉంటే అంతే."

"అయితే నీళ్లకే జ్వరం. ఇది తడిగుడ్డ."

ఇంకా బాధ ఏమిటంటే, బుధవారం తెచ్చిన నాలుగు కొత్త చేపల్ని, సంచిని కాసేపు నీళ్లలో తేల్చి, నేరుగా తొట్టిలోకే వదిలేశాను. చెన్నై నుంచి సంచుల్లో వచ్చిన లోడు అని షాపతనే చెప్పాడు. కొత్త చేపల్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచాలని నాకు తెలుసు. ఖాళీ బకెట్ బాత్రూంలోనే ఉంది. బద్ధకం.

సాయంత్రానికి తొట్టి 27కి దిగింది. బకెట్లోది ఇంకా ఊపిరి ఎగబీలుస్తూనే ఉంది, మేత ముట్టలేదు. కొత్త నాలుగింట్లో ఒకటి రెక్కలు ముడుచుకుని మూలకు చేరింది. పొద్దున దాని మీదా మచ్చ కనిపిస్తే వెటర్నరీ డాక్టరుకు ఫోటో పంపాలి. మందంటూ వాడితే బకెట్లోనే, ఆయన చెప్పినన్ని రోజులూ.

గప్పీలు ఎగురుతాయి కదా, బకెట్ మీద జల్లెడ బోర్లించాను. రేపు ఇడ్లీ రవ్వ దేంతో జల్లించాలని మా ఆవిడ అడిగింది. సీసా మార్చడానికి రెండు గంటలకు అలారం పెట్టా.