కెయిర్న్‌గార్మ్ గాలిలో ఒక రోజు – నా అనుభవం

నిన్న రాత్రే ఎడిన్‌బరో తిరిగొచ్చాను. వేళ్ల కొసలకు ఇంకా తిమ్మిరి వదల్లేదు.

స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్ కొండల్లో గైడుతో ఒకరోజు మంచు నడక. బుకింగ్, ఆ కొండల దగ్గరి ఊరు ఆవీమోర్ దాకా రైలు, బస అన్నీ సాఫీగా అయిపోయాయి. బూట్లు, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ల చట్రాలు) ముందురోజు అద్దెకు తీసుకున్నాను. షాపు కుర్రాడు "అన్నీ సరిపోతాయి" అని సంచీ చేతికిచ్చాడు. బూటుకి పెట్టి చూపించనేలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మా గైడు ఒక స్కాటిష్ ఆవిడ. మా అమ్మకంటే రెండు మూడేళ్లు చిన్నదేమో. కార్ పార్కులోనే వాతావరణం చెప్పింది: పైన గంటకు 50 మైళ్ల గాలి. మేం ఎక్కబోయే కెయిర్న్‌గార్మ్ శిఖరం మీదే 1986 మార్చి 20న గంటకు 173 మైళ్ల విసురు నమోదైందట. గాలి మంచును ఎగరేసుకెళ్లి అవతలి వాలులో పలకలా పేరుస్తుంది, అది విరిగితే మంచు చరియ మొత్తం కిందికి జారిపడుతుంది. అందుకని గాలి ఊడ్చేసిన గట్టు మీదుగా తీసుకెళ్లింది. జారితే ఐస్ యాక్స్‌తో ఆపుకోవడం నేర్పింది. గ్రూపులో మొదటిసారికే సరిగ్గా చేసింది నేనొక్కడినే.

మంచు గట్టిపడ్డాక "క్రాంపాన్లు వేసుకోండి" అంది. అందరూ ఐదు నిమిషాల్లో లేచారు. నాది మాత్రం రెండడుగులకే ఊడింది. గ్లవ్స్‌తో పట్టీ దొరకదు, తీస్తే వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. మళ్లీ కట్టాను, మళ్లీ ఊడింది. ఏడుగురు గాలికి వీపు తిప్పి వణుకుతూ నా కోసమే నిలబడ్డారు. అప్పుడావిడ వచ్చి మంచులో మోకాళ్ల మీద కూర్చుని నా పాదం పట్టుకుంది. నాకు ప్రాణం చచ్చిపోయింది. పెద్దావిడ నా కాళ్లు ముట్టుకోవడమేంటి! "వద్దండీ, వద్దు" అని కాలు వెనక్కి లాక్కున్నాను. "కదలకు" అని గట్టిగా అంది. క్రాంపాన్ మధ్యలో ఉండే ఇనుప బద్ద బూటు సైజుకి సర్ది ఉండాలట, నాది రెండు రంధ్రాలు పొడుగ్గా ఉంది. పట్టీలు బిగించకముందే బూటు ఎత్తి ఊపినా ఊడకూడదు. ఈ ఒక్క ముక్క షాపులో చెప్పి ఉంటే నాకా తలవంపు తప్పేది. మీరు వెళ్తే షాపులోనే ఊపి చూడండి. ఇంట్లో గ్లవ్స్ వేసుకుని పదిసార్లు కట్టి విప్పండి.

1,100 మీటర్ల దగ్గర విసురు ఇద్దర్ని కూలేసింది. ఆవిడ వెంటనే వెనక్కి తిప్పేసింది. శిఖరం 1,245 మీటర్లు, కళ్లెదుటే ఉంది. ఒకబ్బాయి డబ్బు దండగ అని గొణిగాడు. నాకు ఒళ్లు మండింది. ఎక్కడ ఆగాలో చెప్పడానికే కదా గైడుకి డబ్బిచ్చేది! మనం పడితే ఆ గాలిలో వెతకడానికి వచ్చే రెస్క్యూవాళ్లు జీతం లేని వాలంటీర్లు, వాళ్లకీ ఇళ్లున్నాయి.

కార్ పార్కులో ఆవిడకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాను. ఎందుకో ఆవిడకి అర్థమైందో లేదో తెలీదు. ఫిబ్రవరికి మళ్లీ ఆవిడ దగ్గరే బుక్ చేశాను. క్రాంపాన్లు ఈసారి సొంతంగా ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తాయి.