చెవిలో పాట, వెనుక బండి

గత ఆదివారం తెల్లవారుజామున బెంగళూరులో మారతహళ్లి నుంచి బెళ్లందూరు వైపు అవుటర్ రింగ్ రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నప్పుడు, నా రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. బయటి శబ్దాన్ని అణచివేసే సదుపాయాన్ని కూడా ఆన్ చేసి ఉంచాను. ఆగి ఉన్న కారును తప్పించడానికి కుడివైపుకు జరిగిన క్షణంలో, ఒక ఎలక్ట్రిక్ స్కూటరు నా మోచేతిని రాసుకుంటూ దూసుకుపోయింది. ఆ కుర్రవాడు కాస్త దూరంలో ఆగి, "రెండుసార్లు హారన్ కొట్టాను, వినపడలేదా అంకుల్?" అని తెలుగులోనే అడిగాడు (మారతహళ్లిలో ఇదేమీ వింత కాదు). నా దగ్గర సమాధానం లేదు.

ఇంటికి వచ్చాక ఆలోచించాను. ఒక శబ్దం రెండు చెవులకూ చేరడంలో ఉండే అతి స్వల్పమైన తేడాను బట్టే మెదడు అది ఏ దిక్కు నుంచి వస్తోందో పసిగడుతుంది. కాబట్టి ఒక్క చెవికే పెట్టుకుంటే చాలునన్న నా పాత వాదన కూడా నిలబడదు. పైగా ఇయర్‌ఫోన్లలోని ఆ సదుపాయం ఎదురు తరంగాన్ని పుట్టించి ముఖ్యంగా అణచివేసేది ఎడతెగని మంద్రధ్వనులను, అంటే వెనుక వచ్చే లారీ ఇంజను రొదనే. ఎలక్ట్రిక్ బండ్లకు ఆ రొద కూడా ఉండదు. చెవి రంధ్రాన్ని మూయకుండా ఎముక ద్వారా వినిపించే రకం కొంత నయమే కానీ, పాటలో పడిన మనసును అది వెనక్కి తేలేదు.

ఇప్పుడు పాటలు కైకొండ్రహళ్లి చెరువు గట్టున కూర్చున్నాకే. హ్యాండిల్‌కు కుడివైపు అద్దం కూడా బిగించమని మా ఆవిడ ఆదేశించింది.