ఫ్లూయిడ్ స్లైడ్‌లో సార్కోమా: నా ఎండీ ప్రాక్టికల్స్ అనుభవం

ఎండీ పాథాలజీ ప్రాక్టికల్స్‌కి చదువుతున్నవాళ్ల కోసం రాస్తున్నా. అన్నీ చెప్పను. సైటాలజీలో, అంటే విడి కణాల్ని చూసి జబ్బు చెప్పే పేపర్‌లో, నా కొంప ముంచిన ఒక్క ఫ్లూయిడ్ (ఒంట్లో చేరిన నీరు) స్లైడ్ చుట్టూనే నా గోల.

ప్రీఫైనల్స్ రోజు. చీటీ మీద రెండే ముక్కలు: 52 ఏళ్ల మహిళ, గతంలో గర్భసంచి ఆపరేషన్, ఇప్పుడు పొట్టలో నీరు. ఫోకస్ చేస్తే పెద్ద పెద్ద గుండ్రటి కణాలు, కొన్ని విడిగా, కొన్ని నాలుగైదు కలిసి. న్యూక్లియోలస్ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. 'మెటాస్టాటిక్ అడినోకార్సినోమా' (వేరే చోటి నుంచి పాకిన గ్రంథి కణాల క్యాన్సర్) అని రాసేసి పక్క మైక్రోస్కోప్‌కి జరిగిపోయా. అది లియోమయోసార్కోమా, అంటే నున్నటి కండరంలో పుట్టే సార్కోమా (కండరం, ఎముక లాంటి కణజాలాల క్యాన్సర్).

"ఆపరేషన్ ఎందుకు చేశారో అడిగావా అమ్మా?" అన్నారు మేడమ్.

"స్పిండిల్ సెల్స్ లేవు కదా మేడమ్..." అని నసిగాను.

టిష్యూలో కదురులా సాగి ఉండే ఆ స్పిండిల్ కణం నీళ్లలోకి రాలితే పట్టుకోడానికి ఏమీ ఉండదు, ముడుచుకుని గుండ్రంగా అయిపోతుంది. అప్పుడది అచ్చం కార్సినోమాలానో, రియాక్టివ్ మీసోథీలియల్ కణంలానో (పొట్ట, ఛాతీ లోపలి పొర నుంచి రాలే, క్యాన్సర్ కాని కణం) ఉంటుంది. పైగా ఫ్లూయిడ్స్‌లో సార్కోమా అరుదు, ఎక్కువగా కనిపించేది అడినోకార్సినోమానే. చెయ్యి అలవాటుగా అదే రాసేస్తుంది. అప్పట్నుంచి ఐపీస్‌లో కన్ను పెట్టేముందు హిస్టరీ రెండుసార్లు చదివేదాన్ని.

పిల్లల స్లైడ్లు ఇంకో తలనొప్పి. తొడలో గడ్డ ఉన్న అబ్బాయి ప్లూరల్ ఫ్లూయిడ్‌లో (ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు) చిన్న గుండ్రటి కణాలు చూడగానే లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అనిపిస్తుంది. ఆగి, అవి అంటుకున్నాయా చూడండి. లింఫోమా కణాలు విడివిడిగానే ఉంటాయి. ఈవింగ్ సార్కోమా (పిల్లల్లో, కుర్రవాళ్లలో ఎక్కువగా వచ్చేది) కణాలు చిన్న గుంపులు కడతాయి, ఒకదాన్నొకటి నొక్కుకున్నట్టుంటాయి, ఎంజీజీ (మే-గ్రున్‌వాల్డ్-జీమ్సా) స్టెయిన్‌లో సైటోప్లాజంలో చిన్న చిన్న ఖాళీలు కనిపిస్తాయి. వాటిలో ఉండే గ్లైకోజెన్ పీఏఎస్ అనే స్టెయిన్‌తో గులాబీ రంగుకి తిరుగుతుంది.

వైవాలో ఇమ్యునో మార్కర్లు (కణం ఏ రకమో చెప్పే ప్రోటీన్లు) కచ్చితంగా అడుగుతారు. ఈవింగ్‌కి సీడీ99, ఎన్‌కేఎక్స్2.2. రాబ్డోమయోసార్కోమాకి (ఎముకలకు అంటుకునే కండరం తరహా సార్కోమా) డెస్మిన్ అని ఆగిపోతే దొరికిపోతారు, ఎందుకంటే రియాక్టివ్ మీసోథీలియల్ కణాలు కూడా డెస్మిన్ పాజిటివే. మయోజెనిన్ పేరు చెప్పాల్సిందే. యాంజియోసార్కోమాకి (రక్తనాళాల సార్కోమా) సీడీ31 అన్నా అదే తంటా, మాక్రోఫేజ్‌లు కూడా పడతాయి. పక్కన ఈఆర్‌జీ పెట్టుకోండి. ఇవన్నీ సెల్ బ్లాక్ (ఫ్లూయిడ్‌లోని కణాల్ని గడ్డగా చేసి మైనంలో పెట్టింది) మీద చేస్తే మంచిదని కూడా అనండి, మేడమ్‌లకి నచ్చుతుంది.

పుస్తకంలో ఫొటోలు చాలవు. కోఠీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న అట్లాస్ పక్కన పెట్టుకుని, సాయంత్రం నాలుగు తర్వాత డిపార్ట్‌మెంట్ పాత స్లైడ్ ట్రేలు దింపి, ముందు రిపోర్ట్ చూడకుండా రాసుకున్నా. మధ్యలో గేటు దగ్గర ఇరానీ చాయ్, మళ్లీ ట్రే.

ఇంత చేసి ఫైనల్ ప్రాక్టికల్‌లో నాకొచ్చిన ఫ్లూయిడ్ ఏంటో తెలుసా? సామోమా బాడీస్‌తో (పొరలు పొరలుగా ఉండే కాల్షియం గుళికలు) సహా, కళ్లు మూసుకున్నా చెప్పగలిగే ఓవరీ అడినోకార్సినోమా. పది నిమిషాలు దాన్లో సార్కోమా కోసం వెతికా.