తొమ్మిదేళ్ల పిల్లకి టారో కార్డులు కొనిపెట్టొచ్చా?

టారో కార్డులంటే బొమ్మల ముక్కలు తీసి జోస్యం చెప్పే పేక. ఇక్కడ అమెరికాలో పుస్తకాల షాపుల్లో అవి ఏ అరలో పెడతారో ఎప్పుడైనా చూశారా? బోర్డ్ గేములు, జిగ్సా పజిళ్లు, మెరుపుల పెన్నులు ఉండే చోటుకి రెండడుగుల దూరంలో. పిల్లుల బొమ్మలతో ఒక పెట్టె, యూనికార్న్‌లతో ఒక పెట్టె, బంగారు అంచులతో ముద్దొచ్చే ఇంకో పెట్టె. పిల్లల చెయ్యి అందే ఎత్తులోనే ఉంటాయి. మా అమ్మాయి ఒక స్నేహితురాలింట్లో స్లీపోవర్‌కి, అంటే రాత్రికి అక్కడే పడుకోవడానికి, వెళ్లి అక్కడ చూసింది, ఇప్పుడు పుట్టినరోజుకి అదే కావాలంటోంది. తొమ్మిదేళ్లు దానికి.

మా చుట్టుపక్కల తెలుగువాళ్లని అడిగితే రెండే రకాల జవాబులు వచ్చాయి. ఒకటి, "ఛీ, అవి చేతబడి సామాన్లు, ఇంట్లోకి రానివ్వకు." రెండోది, "పేకముక్కలే కదా, పోనీలే, కొనిచ్చెయ్." మొదటిది భయం, రెండోది బద్ధకం, నాకు రెండూ నచ్చలేదు. నా మాట ముందే చెప్పేస్తాను. పదేళ్ల లోపు పిల్లల చేతికి జోస్యం చెప్పే కార్డులు ఇవ్వకూడదు, బొమ్మలు చూసి కథలల్లుకుంటానంటే పక్కన కూర్చుని చూపించొచ్చు, అంతే. దయ్యాలు వస్తాయని కాదు, వేరే కారణాలున్నాయి.

అసలు ఇవి జోస్యం కోసం పుట్టినవే కావు. 15వ శతాబ్దంలో ఇటలీలో మిలాన్, ఫెరారా సంస్థానాల్లో పెద్దింటివాళ్లు ఆడుకున్న పేకాట ఇది. ఫ్రాన్సులో ఇప్పటికీ టారో అంటే చాలామందికి ఒక మామూలు పేకాటే. మొత్తం 78 ముక్కలు, మామూలు పేకలాగా నాలుగు రంగులవి 56, ప్రత్యేక బొమ్మలవి 22. వీటికి రహస్య అర్థాలున్నాయన్న ప్రచారం ఊపందుకున్నది మూడు వందల ఏళ్ల తర్వాత. 1781లో కోర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానం అని రాసేశాడు. ఈజిప్టు లిపి చదవడం షాంపోలియన్ అనే ఇంకో ఫ్రెంచి పండితుడు 1822లో గుట్టు విప్పేదాకా ఎవరికీ చేతకాలేదు, ఈ జెబ్లాఁకి మాత్రం నలభై ఏళ్ల ముందే అంతా తెలిసిపోయింది! "మన పూర్వీకులకి అన్నీ తెలుసు" అని మనవాళ్లు పంపే ఫార్వర్డులు రోజూ చదివే నాకు ఈ పద్ధతి కొత్తగా ఏమీ అనిపించలేదు.

ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికే బొమ్మల మూలం 1909లో లండన్‌లో అచ్చయిన పేక. బొమ్మలు వేసింది పామెలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ. వేయించినాయన వెయిట్, అచ్చువేసిన కంపెనీ రైడర్, కాబట్టి దాని పేరు రైడర్-వెయిట్ పేక. బొమ్మలన్నీ వేసిన మనిషి పేరే లేదు. ఆవిడకి ఇచ్చింది కూడా ఏదో కొద్ది మొత్తమే, 1951లో అప్పులతోనే పోయింది. ఇది చెప్పినప్పుడు మా అమ్మాయికి వచ్చిన కోపం చూడాలి! "మరి పెట్టె మీద ఆవిడ పేరు రాయలేదా? వాళ్లెవరూ ఒక్క బొమ్మ కూడా వెయ్యలేదు కదా?" అని అరగంట దాని మీదే. భవిష్యత్తు సంగతి కాసేపు మర్చిపోయింది.

సరే, ఆ బొమ్మల సంగతికొస్తాను. పెట్టె మీద పిల్లి ఉన్నా లోపల బొమ్మల వరస చాలావరకు ఆ 1909 నాటిదే. అందులో కత్తుల పది అని ఒక ముక్క ఉంది, మనిషి బోర్లా పడి ఉంటాడు, వీపులో పది కత్తులు దిగి ఉంటాయి. కత్తుల తొమ్మిదిలో ఎవరో రాత్రి మంచం మీద లేచి కూర్చుని మొహం చేతుల్లో దాచుకుని ఉంటారు. కత్తుల మూడులో ఒక ఎర్రటి గుండె, అందులోకి దిగిన మూడు కత్తులు, వెనక వాన. 16వ నంబరు బురుజు, పిడుగు పడి మంటల్లో ఉంటే మనుషులు తలకిందులుగా పడిపోతుంటారు. 13 మృత్యువు, గుర్రం మీద అస్థిపంజరం, కింద చచ్చిపడిన రాజు, ఎదురుగా మోకాళ్ల మీద ఒక చిన్న పిల్లాడు. పుస్తకాల్లో "మృత్యువు అంటే చావు కాదు, మార్పు" అని రాస్తారు, నిజమే, పెద్దవాళ్లకి ఆ మాట సరిపోతుంది. చిన్నపిల్లలు పుస్తకం చదవరు, బొమ్మ చదువుతారు. ఆ బొమ్మలో వాళ్ల వయసు పిల్లాడొకడున్నాడు కూడా.

మా ఆయన తెలివిగా ఒక సలహా చెప్పాడు, ఆ భయపెట్టే ముక్కలు తీసేసి మిగతావి ఇద్దామని. మా అమ్మాయే ఒప్పుకోలేదు. "అప్పుడు ఎప్పుడూ మంచివే వస్తాయి, ఇంక అడగడం ఎందుకు?" అంది. తొమ్మిదేళ్ల పిల్ల బుర్ర అక్కడిదాకా వెళ్తుంది. ఆరేళ్ల పిల్లాడి బుర్ర వెళ్లదు, నా అసలు టెన్షన్ అదే.

మా చిన్నవాడికి ఆరేళ్లు. ఎవరో పుట్టినరోజు పార్టీలో రిటర్న్ గిఫ్టుగా మేజిక్ 8 బాల్ ఇచ్చారు, ప్రశ్న అడిగి ఊపితే చిన్న కిటికీలో జవాబు తేలే నల్లటి బంతి. వాడు దాన్ని అడిగింది, వేసవికి నానమ్మకి వీసా వస్తుందా అని. మా అత్తయ్యకి హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ కోసం ఎప్పటి నుంచో చూస్తున్నాం, ఇంట్లో రోజూ ఆ మాటే, వాడు వింటూనే ఉంటాడు. బంతి ఏమందంటే, నాకందిన సమాచారం ప్రకారం లేదు అంది. ఇంక చూస్కోండి. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో నానమ్మతో మాట్లాడనన్నాడు. ఎందుకురా నాన్నా అంటే, "ఎలాగూ రాదు కదా." అటువైపు ఆవిడ ఏమైందో తెలియక కంగారు పడిపోయింది.

తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి దాని లోపల ఏముందో చెప్పాను. ఇరవై మొహాల పాచిక, రంగు నీళ్లలో తేలుతుంటుంది, ఇరవై జవాబుల్లో పది అవునని, అయిదు కాదని, అయిదు మళ్లీ అడుగు అని. పెద్దది వెంటనే లెక్క కట్టింది, సగం సార్లు అవుననే వస్తుందని నవ్వింది. చిన్నవాడు అంతా శ్రద్ధగా విని, "అది సరే అమ్మా, కానీ దానికి ఎలా తెలిసింది?" అన్నాడు. ఏడేళ్ల దాకా పిల్లల ఆలోచన ఇలా నడుస్తుందని, తలుచుకుంటే జరిగిపోతుందన్న నమ్మకం, బొమ్మకీ మనసుంటుందన్న నమ్మకం ఆ వయసుకి సహజమని పియాజే లాంటి పిల్లల సైకాలజీ పండితులు రాసింది కాలేజీలో చదువుకున్నాను, ఇంట్లో ఇలా చూశాను. ఆ వయసు వాడికి "సరదాకేలే" అన్న మాట ఎక్కదు. సరదాకి చెప్పినదీ నిజంగా చెప్పినదీ వాడికి ఒక్కటే.

పైగా వలస వచ్చిన ఇళ్లల్లో పిల్లలు అడిగే ప్రశ్నలు వేరు. వీసా వస్తుందా, నాన్న ఉద్యోగం పోతే మనం వెళ్లిపోవాలా, తాతయ్య ఆపరేషన్ అయ్యేలోపు అమ్మ ఇండియా చేరుతుందా. మనం వంటింట్లో గుసగుసగా మాట్లాడుకునేవన్నీ వాళ్ల చెవిన పడుతూనే ఉంటాయి. మన దగ్గర జవాబు దొరకని ప్రశ్న తీసుకెళ్లి ముక్కల్ని అడుగుతారు. మా పిల్ల స్లీపోవర్‌లో ఏం అడిగిందో నాకు ఇప్పటికీ చెప్పలేదు, నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

ఇంక మన వైపు చూసుకుంటే మనమేమన్నా శుద్ధపూసలమా? బల్లి పడితే ఏమవుతుందో చూడటానికి పంచాంగం వెతుకుతాం, ఆదివారం రాశిఫలాలు చదువుతాం. మా అత్తయ్య వీసా ఇంటర్వ్యూకి మంచిరోజేదో కనుక్కోమని ఫోన్ చేసింది మా ఆయనే, అదే ఆయన కార్డులంటే "నాన్సెన్స్" అంటాడు. మా అమ్మాయి సరిగ్గా అక్కడే పట్టుకుంది. "ఉగాదికి గుళ్లో పంతులుగారు అందరి ఫ్యూచర్ మైకులో చదువుతారు, అప్పుడు మీరంతా నవ్వుతూ వింటారు. నేను కార్డు తీస్తే ఎందుకు తప్పు?"

మనది శాస్త్రం, వాళ్లది మూఢనమ్మకం అనే జవాబు నా నోటికి రాలేదు, వచ్చినా అది నమ్మదు. నేను చెప్పింది ఇది. పంచాంగ శ్రవణంలో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం ఆ రాశివాళ్లందరికీ ఒకటే, ఎవరి ఒక్కరి తలమీదా పడదు. రాజపూజ్యం రెండు, అవమానం ఆరు అంటే నాన్నని ఏడిపించి, పచ్చడి తిని ఇంటికొచ్చేస్తాం. అదే ఒక పిల్ల చీకటి గదిలో ఒంటరిగా తన గురించే అడిగి, తనకే ఒక ముక్క వస్తే, అది వేరే. ఇక జాతకాలు చూసి పెళ్లిళ్లు ఆపేయడం గురించి నన్ను అడగకు, అది నాకూ నచ్చదు అన్నాను. అది కూడా చెప్పేయడమే మంచిదనిపించింది, ఎందుకంటే మనం ఒకవైపు మాత్రమే కడిగితే వీళ్లకి రెండోవైపు కనపడుతూనే ఉంటుంది.

మన దగ్గర కథలకేం కొదవ, పద్మావతి పెళ్లి కథే చెప్పాను. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు ఇంటికెళ్లి, మీ అమ్మాయి మనసులో ఫలానావాడున్నాడు, ఇచ్చి పెళ్లి చెయ్యండి అని సోది చెప్తాడు కదా. అంతా విని, "అంటే తన పెళ్లి తనే సెట్ చేసుకున్నాడా? చీటింగ్!" అని పడి పడి నవ్వింది. నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను గానీ పిల్ల పట్టుకున్న పాయింటు మాత్రం సరైనదే. జోస్యం చెప్పేది ఎవరు, చెప్తే వాళ్లకేం వస్తుంది? న్యూయార్క్ మాన్‌హాటన్‌లో ఎర్ర నియాన్ చెయ్యి బొమ్మ పెట్టుకుని జోస్యం చెప్పే సైకిక్ దుకాణాలకీ, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇండియన్ పేపర్ల నిండా "వశీకరణం, వంద శాతం గ్యారంటీ" అని ప్రకటనలిచ్చేవాళ్లకీ అదే ప్రశ్న. న్యూయార్క్ రాష్ట్రంలో డబ్బు తీసుకుని జోస్యం చెప్పడం చట్టప్రకారం నేరమే, వినోదం కోసం చేసే ప్రదర్శనకి మాత్రం మినహాయింపుంది. అందుకే చిన్న అక్షరాల్లో "వినోదం కోసమే" అని రాసుకుంటారు.

ఇంట్లో ఒక ప్రయోగం కూడా చేశాం. 1948లో ఫోరర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ తన 39 మంది విద్యార్థులకి, నీ స్వభావం ఇదీ అని తలా ఒక కాగితం ఇచ్చి ఎంత సరిగ్గా ఉందో మార్కులెయ్యమన్నాడు. సగటున అయిదుకి నాలుగు పైనే వేశారు. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులో వాక్యాలు చాలావరకు జ్యోతిష్యం పుస్తకంలోంచి ఎత్తినవి. మా అమ్మాయి అలాగే ఒకటి రాసి ఆదివారం తెలుగు క్లాసు స్నేహితులకి పంచింది. "కొత్తవాళ్ల ముందు మొహమాటపడతావు, తెలిసినవాళ్లతో మాత్రం ఆపకుండా మాట్లాడతావు. నీకు వచ్చినవి కొన్ని ఇంకా ఎవరికీ తెలియదు." ప్రతివాళ్లూ ఇది నా గురించే అన్నారు, ఒక పిల్లాడైతే "మా అమ్మ చెప్పిందా?" అని అనుమానపడ్డాడు. ఆ వయసు పిల్లలున్నవాళ్లు చేసి చూడండి, ఖర్చు లేదు, కార్డులకంటే ఎక్కువ నవ్వుకుంటారు.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ మాట్లాడరు. మన పిల్ల చేతిలో ఆ పెట్టె ఉంటే పక్కవాళ్లకి అది మామూలు బొమ్మలా కనపడకపోవచ్చు. ఇక్కడ చర్చికి వెళ్లే కుటుంబాలు చాలావాటికి జోస్యం గట్టి నిషేధం, బైబిల్లో ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయంలో సోదె చెప్పేవాళ్ల దగ్గరికి పోవద్దని స్పష్టంగా ఉంటుంది. మా స్నేహితుల్లో గుంటూరు నుంచి వచ్చిన ఒక క్రైస్తవ కుటుంబం ఉంది, ఆ ఇంటావిడని నేను అక్కా అని పిలుస్తాను. "చెల్లీ, మా పిల్లలున్నప్పుడు మాత్రం అవి తియ్యనివ్వకు" అని ఆవిడ ముందే చెప్పింది, అలా చెప్పినందుకు నాకు హాయిగా ఉంది. చెప్పనివాళ్లతోనే చిక్కు. తెల్లపిల్ల బ్యాగులో టారో ఉంటే ఫ్యాషన్, బొట్టు పెట్టుకుని బడికెళ్లే మన పిల్ల బ్యాగులో ఉంటే "వీళ్ల మతమే అంత" అని పోతుంది. ఇది న్యాయం కాదు, కానీ దాని భారం మోసేది పిల్ల, నా ఆదర్శం కాదు.

చివరికి పుట్టినరోజుకి రంగు పెన్సిళ్లు, మందపాటి డ్రాయింగ్ కాగితం కొన్నాం, తన పేక తనే గీసుకుంటోంది. అసలు పాతవి చూడాలంటే న్యూయార్క్‌లో మోర్గాన్ లైబ్రరీలో మిలాన్ ప్రభువుల నాటి ఒక పేకలోని ముక్కలు 35 ఉన్నాయి, మిగతావి వేరే చోట్ల ఉన్నాయి. అన్నివేళలా ప్రదర్శనలో ఉండవు, ముందు కనుక్కుని వెళ్లాలి. ఆ పేకలో నాలుగు ముక్కలు కాలంలో పోయాయి. వాటిలో మూడు ఏవో తెలుసా, దయ్యం, బురుజు, కత్తుల మూడు. మా ఆయన సలహా అయిదు వందల ఏళ్ల కిందటే ఎవరో పాటించినట్టున్నారు.

స్లీపోవర్లలో వేరేవాళ్ల కార్డులతో ఆడొద్దని నేను అనలేదు, అన్నా ఆగదు. మూడు విషయాలు మాత్రం ముక్కల్ని అడగకూడదు, ఎవరి చావు గురించీ, ఎవరి జబ్బు గురించీ, ఎవరు ఎవర్ని వదిలేస్తారన్నదాని గురించీ. అలాగే ఎవరికైనా ఏడుపొచ్చే ముక్క వస్తే ఆట ఆపేసి పెద్దవాళ్లని పిలవాలి. పదమూడేళ్లు నిండాక తన డబ్బులతో కొనుక్కుంటానంది, సరేనన్నాను. చిన్నవాడి విషయంలో బేరం లేదు, 8 బాల్ కూడా ప్రస్తుతం నా బీరువాలోనే ఉంది, వాడు వారానికోసారి అడుగుతూనే ఉన్నాడు.