సవాయ్ పెద్దల దగ్గర నేర్చుకున్నది

పై చదువులకు న్యూయార్కు వెళ్లిన మన తెలుగు విద్యార్థుల్లో కొందరం 2000 ప్రాంతంలో సాయంత్రాలు లిండీ హాప్ నేర్చుకునేవాళ్లమని ఈ సంచిక చదివేవారిలో చాలామందికి తెలియకపోవచ్చు. జాజ్‌లో ఒక రకమైన స్వింగ్ సంగీతానికి జంటగా ఆడే ఆ నృత్యం 1920ల చివర న్యూయార్కులోని హార్లెంలో నల్లజాతి యువతీయువకుల మధ్య పుట్టింది. మాకు వారం వారం పాఠం చెప్పినవారు వయసులో మాకంటే కొద్దిగానే పెద్దవారు. అయితే వారు ఏ అడుగు చూపించినా అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో పేరు పెట్టి చెప్పేవారు. ఆ పేర్లలో ఎక్కువసార్లు వినిపించినవి ఫ్రాంకీ మ్యానింగ్ గారిది, నార్మా మిల్లర్ గారిది. అప్పటికి ఫ్రాంకీ గారికి ఎనభై ఆరేళ్లు, నార్మా గారికి ఎనభై. ఇద్దరూ ఇంకా ఊళ్లు తిరిగి పాఠాలు చెబుతూనే ఉన్నారు, వారి ఎదుట నిలబడి నేర్చుకునే భాగ్యం మాలో కొందరికి దక్కింది.

వారు ఎదిగిన చోటు సవాయ్ బాల్‌రూమ్. 1926 మార్చిలో లెనాక్స్ అవెన్యూ మీద, 140, 141 వీధుల మధ్య తెరిచిన ఆ నృత్యశాలలో తెల్లవారూ నల్లవారూ ఒకే నేల మీద కలిసి ఆడేవారు. ఆ కాలపు అమెరికాలో అది ఎంత అరుదైన విషయమో వేరే చెప్పనక్కర్లేదు. నార్మా గారి ఇల్లు సవాయ్ వెనకాలే ఉండేది. లోపలికి వెళ్లే వయసు లేని ఆ పిల్ల తమ ఇంటి ఇనుప మెట్ల మీద కూర్చుని కిటికీల్లో కదిలే ఆకారాలను చూస్తూ, ఆ సంగీతానికే అడుగులు వేసేది. పన్నెండేళ్లప్పుడు, 1932 ఈస్టర్ నాడు, వీధిలో ఆమె ఆట చూసిన ఒక పేరున్న నర్తకుడు ఆమెను లోపలికి తీసుకెళ్లి తనతో ఆడించాడు. కొద్దికాలానికే ఆమె హెర్బర్ట్ వైట్ నడిపిన వైటీస్ లిండీ హాపర్స్ బృందంలో చేరింది. ఫ్రాంకీ గారు అప్పటికే ఆ బృందంలో ముఖ్యులు. 1935లో సవాయ్‌లో జరిగిన ఒక పోటీలో, తనకు ముందు తరానికి రాజులాంటి షార్టీ జార్జ్ స్నోడెన్ ఎదుట, తన జంట ఫ్రీడా వాషింగ్టన్‌ను వీపు మీదుగా గాలిలో తిప్పి నేల మీద దించారు. లిండీ హాప్‌లో ఎయిర్ స్టెప్ అలా మొదలైంది. ఆ ఊహకు మూలం కూడా షార్టీయే. ఆయన ఆట ముగింపులో ఆయన జంట బిగ్ బీ ఆయనను వీపు మీద మోసుకుని వెళ్లిపోయేది, ఫ్రాంకీ గారు దాన్ని తిరగవేశారు. పెద్దవారిని ఓడించాలని వచ్చిన కుర్రవాడు వారి దగ్గరి ముక్కతోనే కొత్తది కట్టాడన్నమాట. ఈ నృత్యంలో ఒక తరానికీ మరో తరానికీ ఉన్న సంబంధం నాకు ఈ కథలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించలేదు.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది, సంగీతం మారింది, 1958లో సవాయ్ మూతపడింది. ఫ్రాంకీ గారు తపాలా శాఖలో ఉద్యోగంలో చేరి మూడు దశాబ్దాలు గడిపారు. 1984లో స్వీడన్ నుంచి వచ్చిన యువ నర్తకులు వైటీస్ బృందంలోనే ఆడిన అల్ మిన్స్ గారిని వెతికి పట్టుకుని తమ దేశానికి తీసుకెళ్లారు. మరుసటి ఏడే ఆయన మరణించారు. 1986లో కాలిఫోర్నియా నుంచి ఎరిన్ స్టీవెన్స్, స్టీవెన్ మిచెల్ ఫ్రాంకీ గారిని వెతుక్కుంటూ వచ్చారు. నర్తకుడు ఫ్రాంకీ మ్యానింగ్ మీరేనా అని ఫోనులో అడిగితే, కాదు, నేను తపాలా ఉద్యోగి ఫ్రాంకీని, ఒకప్పుడు నర్తకుణ్ణి అనే అర్థంలో ఆయన బదులిచ్చారని మా గురువులు చెప్పేవారు. అప్పుడు ఆయనకు డెబ్బై రెండేళ్లు. మూడేళ్లు తిరగకుండానే, 1989లో, బ్రాడ్వేలో ‘బ్లాక్ అండ్ బ్లూ’ ప్రదర్శనకు చేసిన నృత్య కల్పనకు మరి ముగ్గురితో కలిసి అమెరికా నాటకరంగపు టోనీ పురస్కారం అందుకున్నారు.

ఆ యువకులకు అడుగులు తెలియక కాదు, వారు అంతదూరం వెళ్లింది. 1941 నాటి ‘హెల్జాపాపిన్’ చిత్రంలో ఫ్రాంకీ గారి బృందం ఆడిన దృశ్యం ఉంది. నిడివి కొద్ది నిమిషాలే అయినా, దాన్ని వీడియో టేపు మీద ఆపి ఆపి చూసి నేర్చుకున్నవారు ఎందరో. అయితే ఆ చిత్రంలోని వేగం సినిమా కోసం కూర్చినది. సవాయ్‌లో మామూలు రాత్రి ఎలా ఆడేవారు, మధ్యస్థమైన వేగంలో దేహాన్ని ఎలా ఉంచేవారు, ఎదుటివారు అనుకోనిది చేస్తే ఎలా స్పందించేవారు అనేవి తెర మీద దొరికేవి కావు. అవి మనిషి దగ్గరే దొరకాలి. ఈ పెద్దలు దొరక్కపోయి ఉంటే లిండీ హాప్ సర్కస్ విద్యలా మిగిలేదని నా నమ్మకం.

ఫ్రాంకీ గారి తరగతిలో అంకెలు తక్కువగా వినిపించేవి. లిండీ హాప్‌కు మూలమైన ఎనిమిది బీట్ల అడుగు, స్వింగ్ అవుట్, నేర్పేటప్పుడు ఒకటి, రెండు అని లెక్కించడం కంటే, నట్టువాంగంలో జతులు చెప్పినట్టు, తిశ్రపు ఊపుతో లయను నోటితో పాడి వినిపించేవారు. పాడేటప్పుడు ఏ చోట గొంతు బరువెక్కితే మా కాలు అక్కడ నేలను గట్టిగా తాకాలి, ఏ చోట తేలితే అక్కడ తేలాలి. ఒకసారి నా ముందు వరుసలో ఒక కుర్రవాడు నిటారుగా నిలబడి అడుగులన్నీ సరిగానే వేస్తున్నాడు. ఆయన దగ్గరికి వచ్చి ఏమీ అనకుండా అతని మోకాళ్లు కాస్త వంగేలా, ఛాతీ ముందుకు వాలేలా సర్ది, తాను పక్కన నిలబడి పరుగు పందెగాడిలా వెనక కాలు చాచి ఆడి చూపించారు. షార్టీ తరం నిటారుగా ఆడితే, దాన్ని నేలకు దగ్గరగా, ఎగరబోయే భంగిమలోకి మార్చినది తానేనని మాత్రం ఆయన చెప్పలేదు. ఆ సంగతి తర్వాత మా గురువులే చెప్పారు.

అన్నిటికంటే ముందు ఆయన నేర్పింది జంటకు వంగి నమస్కరించడం. మీతో ఆడడానికి ఒప్పుకున్న ఆమె రాణి అన్న భావంతో మొదలుపెట్టమని ఆయన బోధ, దానిలో హాస్యానికి ఆయన చోటు ఇవ్వలేదు. ఎనభయ్యో పుట్టినరోజున వరుసగా ఎనభై మంది స్త్రీలతో ఆడిన మనిషి ఆయన. ఆ తర్వాత కూడా వయసుతోపాటు ఆ సంఖ్యను పెంచుకుంటూ పోయారు. కొత్తగా వచ్చినవారితో ఆడినా, పేరున్నవారితో ఆడినా ఆయన ముఖంలో ఆనందం ఒకేలా ఉండేది. ఈనాడు ఏ ఊరి లిండీ హాప్ సభలోనైనా అనుభవజ్ఞులు కొత్తవారిని ఆటకు పిలవడం మర్యాదగా సాగుతూ ఉంటే, అందులో చాలాభాగం ఆయన చలవే.

నార్మా గారి తీరు వేరు. ఆవిడ మాట మొహమాటం ఎరగదు. ఈ నృత్యం ఎవరిది, ఏ వీధిలో, ఏ దారిద్ర్యంలో పుట్టింది, దాన్ని ఆడినవారికి ఎంత ముట్టింది అన్నవి తెలుసుకోకుండా ఆడడాన్ని ఆవిడ ఒప్పుకునేవారు కాదు. అడుగుల మీద మోజుతో వచ్చిన మాకు అది మొదట బరువుగా తోచినా, నిజానికి చరిత్ర తెలిశాకే మా ఆటలో నిలకడ వచ్చిందని ఇప్పుడు నేను గట్టిగా చెప్పగలను. గాయనిగా జీవించిన డాన్ హాంప్టన్ గారు మరో దారి చూపారు. నాలుగు అడుగులతోనే పాటలోని ప్రతి మెలికనూ పట్టుకోవచ్చని ఆవిడ కూర్చున్న చోటి నుంచే భుజాలతో, వేళ్లతో ఆడి నిరూపించేవారు.

స్వీడన్‌లోని హెర్రెంగ్ అనే చిన్న ఊళ్లో 1982 నుంచి జరుగుతున్న వేసవి శిబిరం ఈ పెద్దల వల్లే ప్రపంచానికంతా పాఠశాల అయింది. ఫ్రాంకీ గారు 1989 నుంచి దాదాపు ప్రతి వేసవీ అక్కడికి వెళ్లేవారు. 2009 ఏప్రిల్‌లో, తొంభై అయిదో పుట్టినరోజుకు నెల ముందు, ఆయన కన్నుమూశారు. నార్మా గారు 2019 మే నెలలో, నూరేళ్లకు కొద్ది నెలల దూరంలో వెళ్లిపోయారు. ఆయన పుట్టినరోజు, మే 26, ఇప్పుడు ప్రపంచ లిండీ హాప్ దినం. సియోల్ నుంచి స్టాక్‌హోమ్ దాకా ఆ రోజు షిమ్ షామ్ అనే సామూహిక నృత్యం ఆడతారు, ఎక్కువచోట్ల ఆయన నేర్పిన వరుసలోనే.

అయితే ఒక వెలితి గురించి రాయకపోతే నార్మా గారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఈ పునరుద్ధరణలో ముందు నిలిచినవారు ఎక్కువగా యూరప్, అమెరికాల తెల్లవారు. మా తరగతిలోనూ నల్లజాతి విద్యార్థులు చాలా కొద్దిమందే ఉండేవారు. ఆ స్థితి ఇప్పుడిప్పుడే మారుతోంది. క్లబ్బుల్లో ఆడే హౌస్ నృత్యంలో పేరు తెచ్చుకుని లిండీ హాప్‌కు వచ్చిన లటాషా బార్న్స్ 2021లో ‘ది జాజ్ కంటిన్యూమ్’ అనే ప్రదర్శనలో సవాయ్ అడుగులనూ, హౌస్, హిప్ హాప్ అడుగులనూ ఒకే వంశంగా పక్కపక్కన నిలబెట్టారు. న్యూయార్కులో ఉన్న మన మిత్రులు ఆమె ఆట చూసే అవకాశం వస్తే వదులుకోవద్దు. పిల్లలను కూడా వెంట తీసుకెళ్లండి, వెళ్లే ముందు లెనాక్స్ అవెన్యూలో 2002లో ఫ్రాంకీ, నార్మా గార్లు ఆవిష్కరించిన సవాయ్ ఫలకాన్ని వారికి చూపించండి.