మూడక్షరాలు, రెండు సీసాలు

పదకొండున్నర. బుజ్జిది నోరు మూసుకుని నిద్రపోతోంది. నిజానికి ఆ ఒక్క ముక్క రాద్దామనే కూర్చున్నాను. టాన్సిల్స్ తీశాక వాపు తగ్గేదాకా వారం పదిరోజులు గురక ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి ఆశ పెట్టుకోలేదు. ఆరో రాత్రికే పెదాలు రెండూ కలిశాయి. సరే, సంబరం అయిపోయింది, ఇప్పుడు అసలు గొడవ.

నా ఒళ్ళో డిశ్చార్జి కాగితం ఉంది. మిగతా మందులకి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గడులు గీసి టిక్కులు పెట్టారు. నొప్పి మందు దగ్గరికొచ్చేసరికి "పారాసిటమాల్ సిరప్, 5 ఎం.ఎల్., ఎస్ఓఎస్". అంతే. సాయంత్రం నుంచీ ఆ మూడక్షరాలు నన్ను పొడుస్తున్నాయి.

ఎస్ఓఎస్ అంటే డాక్టర్ల లెక్కలో అవసరాన్ని బట్టి అని. గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చేసరికి అదే "ఏడిస్తేనే" అయి కూర్చుంటుంది. టాన్సిల్స్ తీసిన పిల్ల ఏడవదండీ. ఏడిస్తే గొంతు లాగుతుంది కదా. ఊరికే కూర్చుంటుంది. ఉమ్ము మింగకుండా పెదవి అంచుదాకా తెచ్చుకుని గౌను చేతికి తుడుచుకుంటుంది. గ్లాసు చూపిస్తే తల అడ్డంగా ఊపుతుంది. మనమేమో ఏడవట్లేదు కాబట్టి నొప్పి లేదనుకుంటాం.

ఆ గొంతులో సాధారణంగా కుట్లుండవు. టాన్సిల్ తీసిన గుంటని తెరిచే వదిలేస్తారు. పైన తెల్లటి పొర కట్టి లోపల్నుంచి అదే మానుతుంది. (ఆ తెలుపు చూసి చీము పట్టిందనుకుని ఈయన టార్చి వేసి ఫోటో తీసి నలుగురికి పంపారు. చీము కాదు. నోరు కంపు కొట్టడం కూడా మామూలే.) గుంట కిందంతా కండ. గుటక వేసినప్పుడల్లా అది కదిలి నొప్పెడుతుంది. నొప్పని మింగకపోతే పొర ఎండి బిర్రబిగుస్తుంది, తర్వాతి గుటక ఇంకా నరకం. అందుకే మొదటి రోజుల్లో మందు వేయాల్సింది పిల్ల మొహం చూసి కాదు, గడియారం చూసి. ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగు. వేసిన అరగంటకి గొంతు కాస్త సడలుతుంది, తిండీ నీళ్ళూ ఆ తర్వాత గంటలోనే పట్టించాలి. ఈ మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. వార్డులో ఒక సిస్టరు చెప్పింది, అదీ మంచం దుప్పటి మారుస్తూ.

చెప్పినా బుద్ధి రాలేదనుకోండి. రెండో రాత్రి సంగతి. పదింటికి వేశాను, మళ్ళీ నాలుగింటికి వేయాలి. అలారం మోగితే లేచి చూశాను, హాయిగా పడుకుంది. "నిద్రపోతున్న పిల్లని లేపుతావా, పాపం" అన్నారు అత్తయ్య చీకట్లోంచి. నాకూ చేతులు రాలేదు. ఆరున్నరకి లేచింది. లేచాక చెవి పట్టుకుంది. గొంతుకీ చెవికీ వెళ్ళే నరం ఒకటే కాబట్టి గొంతులో పుండు చెవిపోటుగా తెలుస్తుంది, చెవిలో చుక్కలు వేసినా లాభం లేదు. మందు నోట్లో పోస్తే ఊసేసింది. మళ్ళీ ఎంత పోయాలి? లోపలికి ఎంత వెళ్ళిందో తెలియదు కాబట్టి అంచనాతో పోయకూడదు, ఫోన్ చేసి అడగాలి. అడిగేసరికి ఏడు. అత్తయ్య ఉగ్గుగిన్నె తెచ్చారు. నెలల పిల్లకి ఆముదం పోసిన గిన్నె అది, ఐదేళ్ళ పిల్ల గొంతులో పుండు మీద ధారగా పోస్తే పొలమారుతుంది.

చివరికి పని చేసింది సూది లేని సిరంజి. పిల్లని నిటారుగా కూర్చోబెట్టి, సిరంజి కొనని నాలుక మీద కాకుండా బుగ్గకీ పళ్ళకీ మధ్య సందులో పెట్టి, అర ఎం.ఎల్. వదిలి ఆగాలి. గుటక పడిందా లేదా గొంతు బయట చూస్తే తెలుస్తుంది. పడ్డాక ఇంకో అర. ఐదు ఎం.ఎల్. పోయడానికి పది గుటకలు, పన్నెండు నిమిషాలు. ఆ తర్వాత చల్లటి నీళ్ళూ అలాగే. పదహారు కిలోల పిల్లకి మొదటి పది కిలోలకి కిలోకి 100, మిగతా ఆరుకి 50 చొప్పున రోజు మొత్తం మీద 1300 ఎం.ఎల్. కావాలి. మా చిన్న స్టీలు గ్లాసు కొలిచి చూశాను, సరిగ్గా 100. అంటే పాలు, జావ, మజ్జిగ, నీళ్ళు అన్నీ కలిపి పదమూడు గ్లాసులు. ఆ పొద్దున తొమ్మిది దాటేదాకా లోపలికి పోయింది అర గ్లాసు. ఎనిమిది గంటలైనా ఒంటేలుకి వెళ్ళకపోతే, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోతే సెలైన్ పెట్టించడానికి మళ్ళీ ఆసుపత్రికే. అక్కడిదాకా రాలేదు, కానీ నాలుగింటికి ఐదు నిమిషాలు లేపి ఉంటే ఈ మూడు గంటల భాగోతం లేదు.

ఐస్‌క్రీమ్ రామాయణం అంతా చెప్పను. చల్లదనం నొప్పిని తగ్గిస్తుంది, జలుబు చేయదు. అత్తయ్య ఒప్పుకోలేదు, నేనూ వినలేదు, బుజ్జిది తింది.

మూడో రోజుదాకా గడియారం నడిచింది. నాలుగో రోజు పిల్ల కులాసాగా ఉంది. చల్లారిన ఇడ్లీ ఒకటిన్నర, మధ్యాహ్నం మెత్తటి పెరుగన్నం. "ఇంకా ఎందుకమ్మా ఆ మందులు, కాలేయం పాడవుతుంది. కాగితంలో కూడా అవసరమైతేనే అని రాశారుగా" అన్నారు అత్తయ్య. నాలుగుసార్లు వేసేది రెండుసార్లు అయింది. నిన్న సాయంత్రం నుంచి మళ్ళీ మొదటికొచ్చింది. చెవి, ఉమ్ము, తల అడ్డంగా ఊపడం. ఇది తెలియని సంగతేం కాదు. మూడు నాలుగు రోజులకి కాస్త తెరిపి ఇచ్చి, తెల్లపొర ఊడటం మొదలయ్యే ఐదారు రోజుల దగ్గర నొప్పి తిరగబెడుతుంది. అది తెలిసి కూడా మందు తగ్గించానే అని నా మీద, ఎస్ఓఎస్ రాసినవాళ్ళ మీద, అత్తయ్య మీద కోపం వరసగా తన్నుకొచ్చింది. ఈ టపా మొదట్లో ఉన్న ఒళ్ళుమంట అదే.

ఇక్కడిదాకా రాసి, మందు వేసిన టైములు రాసే కాగితం కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాను. పక్కనే రెండు సీసాలు. ఒకటి ఖాళీ, ఆసుపత్రి మందుల కొట్టులోది. ఇంకోటి ఈయన నాలుగో రోజు సందు చివర మెడికల్ షాపులో తెచ్చింది. పేరు ఒకటే. రంగు ఒకటే. ఖాళీ సీసా మీద 5 ఎం.ఎల్.లో 240 మిల్లీగ్రాములు అని ఉంది. కొత్తదాని మీద 5 ఎం.ఎల్.లో 120.

పదహారు కిలోల పిల్లకి కిలోకి 15 చొప్పున ఒక డోసు 240 మిల్లీగ్రాములు. పాత సీసాలోంచి 5 ఎం.ఎల్. సరిపోతుంది, కొత్తదాంట్లో 10 కావాలి. 60 ఎం.ఎల్. సీసా రోజుకి 20 చొప్పున మూడు రోజులకి అయిపోయింది. నాలుగో రోజు నుంచి అదే 5 ఎం.ఎల్. పోస్తున్నాం. అంటే సగం మందు, అదీ రెండుసార్లు. నాలుగో వంతు మందుతో పిల్ల ఐదో రోజునీ ఆరో రోజునీ ఈదింది.

ఇప్పుడు ఎవర్ని తిట్టను? కాగితంలో ఎస్ఓఎస్ కన్నా పెద్ద తప్పు ఆ "5 ఎం.ఎల్." అన్నది. సీసా బలం రాయకుండా ఎం.ఎల్. రాస్తే ఏమొస్తుంది? డోసు మిల్లీగ్రాముల్లో రాయమని అక్కడే నిలబడి అడగాల్సింది. సగం పడి నొప్పి మిగిలింది కాబట్టి సరిపోయింది, అదే ఎక్కువ పడి ఉంటే? పసిపిల్లల చుక్కల మందులో ఒక్క ఎం.ఎల్.కే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ సీసాలోంచి 5 పోస్తే 500, పిల్లకి కావలసినదానికి రెట్టింపు పైనే. మామూలు జలుబు సిరప్‌లు చాలావాటిలో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది, ముక్కు కారుతోందని అదీ ఇదీ కలిపి పోస్తే రెండు లెక్కలూ కలుస్తాయి. అత్తయ్య అన్న కాలేయం మాట అప్పుడు నిజమవుతుంది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కూడా కాదు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయిన వార్త టీవీలో వారం రోజులు చూశారు. అందులో కలిసింది డైఇథిలిన్ గ్లైకాల్, కిడ్నీలు పాడు చేసే విషం. అది వేరే మందు, వేరే పాపం, కానీ ఆవిడకి సిరప్ అంటే సిరప్పే. నొప్పి మందుల్లోనూ జాగ్రత్త పడాల్సినవి లేకపోలేదు. కోడీన్ కొందరు పిల్లల ఒంట్లో మరీ త్వరగా మార్ఫిన్‌గా మారి ఊపిరి ఆగుతోందని, టాన్సిల్స్ తీసిన పిల్లలకి ఇవ్వొద్దని అమెరికా మందుల సంస్థ 2013లోనే చెప్పింది. ఐబుప్రోఫెన్ కొందరు డాక్టర్లు కలిపి రాస్తారు, రక్తం కారుతుందేమోనని భయపడి కొందరు రాయరు. మన ఇష్టానికి మొదలుపెట్టేది కాదు. ఆస్పిరిన్ ఊసే వద్దు.

మధ్యాహ్నం ఆవిడ మీద ఒంటికాలి మీద లేచాను. దానిమ్మ రసం తీసి తెచ్చారు, రక్తం పడుతుందని. వద్దన్నాను, కారణం చెప్పే ఓపిక లేక విసుక్కున్నాను. కారణం ఇదీ: పొర ఊడే ఈ ఐదు నుంచి పది రోజుల మధ్యే మళ్ళీ రక్తం వచ్చే ప్రమాదం ఎక్కువ. ఎర్రటి రసం తాగి కక్కితే అది దానిమ్మో రక్తమో అర్ధరాత్రి ఎవరు తేలుస్తారు? బీట్‌రూట్, ఎర్ర జెల్లీ కూడా అందుకే వద్దు. ఉమ్ములో ఎర్రటి రక్తం కనిపించినా, కాఫీ పొడి రంగులో కక్కినా, నిద్రలో ఊరికే గుటకలు మింగుతున్నా, కూర్చోబెట్టి ముందుకి వంచి ఉమ్మించి, ఆ నిమిషమే బయల్దేరడం. ఆగిపోయింది కదా అని తెల్లారేదాకా చూడకూడదు. కారు తాళాలు గుమ్మం పక్క మేకుకి ఉన్నాయి. రేపు పొద్దున ఆవిడకి ఈ రసం సంగతి కూర్చోబెట్టి చెప్పాలి.

పదింటికి వేసింది కూడా కొత్త సీసాలోంచే, సగమే. ఇప్పుడు మిగతా సగం కలిపేద్దామనిపించింది. వద్దు, సొంత లెక్కలు చాలు. డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి రెండు సీసాల మీదా ఉన్నవి చదివి వినిపించాను. నాలుగింటి నుంచి పూర్తి డోసు, కొత్తదాంట్లోంచి 10 వేయమన్నారు. ఖాళీ సీసా పారేశాను. కొత్తదాని మీద ప్లాస్టర్ అతికించి స్కెచ్ పెన్నుతో 10 అని రాశాను. మూడు యాభైకి అలారం పెట్టాను, ఈసారి లేపుతాను. పక్క గదిలో ఒక గుటక వినిపించింది. ఒక్కటే. వెళ్ళి చూసొచ్చాను, మామూలు గుటకే.